చెడ్డది ఏ దవడ

ఇప్పుడు నా నోరు రెండు వేళ్ళు పట్టేంత తెరుచుకుంటుంది. ఆవులింత వస్తే ఆవులించగలను. రొట్టె ముక్క తుంచి నోట్లో పెట్టుకుని నమలగలను, కాస్త నిదానంగా. గడ్డం మాత్రం ఎడమ పక్కకు జరిగి అక్కడే నిలిచిపోయింది. అది ఇక మధ్యకు రాదని చెప్పారు. సోలాపూర్‌లో మా కుంఠా నాకా దగ్గర కొత్తవాళ్ళెవరైనా నన్ను చూస్తే "ఏమైంది తమ్మీ?" అని అడుగుతారు. నిలబడి చెప్పి పోయేంత చిన్న సంగతి కాదది. అందుకని కూర్చుని రాస్తున్నాను. ఎవరి ఇంట్లోనైనా ఎదిగే పిల్లల పై పళ్ళూ కింది పళ్ళూ కలవకపోతే, గడ్డం ఒక పక్కకు పోతున్నట్టనిపిస్తే, వాళ్ళు మేం తిరిగిన తోవల్లో తిరగకూడదని నా ఆశ.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఎండాకాలం

అప్పుడు నాకు పదమూడేళ్ళు. మా బాపు సోలాపూర్ సాఖర్‌పేటలో ఒక కార్ఖానాలో చద్దర్లు నేసేవాడు. అమ్మ నా పసితనంలోనే జ్వరంతో పోయింది. నన్ను పెంచింది బాపమ్మ, బాపు తల్లి. ఆమె చాట ఒళ్ళో పెట్టుకుని గడపలో కూర్చుని బీడీలు చుట్టేది. అక్క గంగవ్వ నాకంటే ఐదేళ్ళు పెద్దది, రాట్నం మీద కండెలు చుట్టేది. అక్కకు పెళ్ళయింది. బావ బొంబాయి మిల్లులో పనికి పోతూ, ఉండడానికి ఖోలీ దొరకగానే వచ్చి తీసుకుపోతానని చెప్పాడు. అప్పటిదాకా అక్క మాతోనే.

నేను బడి మానేసి బాపు పక్కన పోగులు అతికే పని నేర్చుకుంటున్నాను. తెగిన పోగును ముడివేసి, మిగిలిన కొసను ముందరి పళ్ళతో కొరికేయడం మా వాళ్ళందరి అలవాటు. ఒక పొద్దున నేను కొరికితే పోగు తెగలేదు. మళ్ళీ కొరికాను. పై పళ్ళు ఒకచోట పడుతున్నాయి, కింది పళ్ళు ఇంకోచోట. పోగు తడిసి సందులోంచి బయటికి వచ్చింది.

"కొరుకుడు గూడ రాదార నీకు?" అని బాపు నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆ వారంలోనే తలకు నూనె పెడుతూ అక్క నా ముఖం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది.

"బాపమ్మా, వీని గదువ పక్కకు వోతుంది చూడు."

"పండుకునేటప్పుడు చెంప కింద చెయ్యి వెట్టుకుంటడు, అందుకే," అంది బాపమ్మ. అప్పటినుంచి నేను వెల్లకిలా పడుకోవాలని తీర్పయింది.

వానలు పడేసరికి నోరు సగమే తెరుచుకునేది. శ్రావణంలో నారళీ పున్నమ నాడు మార్కండేయుడి రథం వెనక మా నేత కులపోళ్ళందరూ భజన చేస్తూ నడిచారు. నేనూ నడిచాను. పాట మధ్యలో నా గొంతు పళ్ళ సందున నలిగి వస్తుంటే పక్కవాడు తిరిగి చూశాడు. తర్వాత పెదవులు మాత్రమే కదిపాను. దీపావళి నాటికి రొట్టె ముక్క కూడా పట్టలేదు. పులుసులో నానబెట్టి వేలితో లోపలికి తోసుకునేవాణ్ణి.

ముఖం కూడా మారింది. కుడి చెంప చదునుగా, పొడుగ్గా, ఎవరో లాగి పట్టుకున్నట్టు అయింది. ఎడమ చెంప గుండ్రంగా నిండుగా ఉంది. చూసిన ప్రతివాళ్ళదీ ఒకటే మాట, కుడి చెంప ఎండిపోతోందని. అద్దంలో చూసుకుంటే నాకూ అలాగే కనిపించింది.

హోట్గి వైపు ఒక పల్లెలో వాతలు పెట్టే ముసలాయన ఉన్నాడని విని బాపమ్మ పిలిపించింది. మాలాగే తెలుగువాడు. ఆయన నా కుడి చెంప మీద బొటనవేలు నొక్కి, "నరం సచ్చింది. కాలిస్తె లేస్తది," అన్నాడు. కుంపట్లో ఇనుప చువ్వ పెట్టించాడు. బాపు నా కాళ్ళు పట్టుకున్నాడు. బాపమ్మ నా తల ఒళ్ళోకి తీసుకుంది. అక్క బిందె చంకన పెట్టుకుని నల్లా దగ్గరికి పోయింది. అది నీళ్ళొచ్చే వేళ కాదు.

చెవికి ముందర, పక్కపక్కనే మూడు వాతలు. నోరు తెరుచుకోని మనిషి ఎట్లా అరుస్తాడో నాకు ఆ రోజు తెలిసింది. కేక గొంతులోంచి వచ్చి పళ్ళ వెనక ఆగిపోయింది.

"మంచోడు. అరవలే," అని ముసలాయన నా భుజం తట్టాడు.

యుద్ధం మొదలైన ఏడు

వాతలు చీముపట్టి, చాలా రోజులకు మానాయి. నోరు ఇంకా బిగుసుకుంది. గోరు దూరేంత సందు మిగిలింది. అంబలి పోయడానికని ముందరి పన్ను ఒకటి పీకించారు. పళ్ళు తోముకోవడం కుదరదు కాబట్టి లోపలి పళ్ళు పుచ్చాయి. నా ఊపిరి వాసన నాకే తెలిసేది. మగ్గాల దగ్గర నా ఈడు పిల్లలు మాట్లాడుతూ మాట్లాడుతూ కొంచెం వెనక్కి జరిగేవారు. వాళ్ళను తప్పుపట్టను.

ఒక మధ్యాహ్నం జ్వరంలో నాకు వాంతి వచ్చింది. బయటికి పోవడానికి దారి లేదు. ఊపిరి ఆగింది. కళ్ళ ముందు గోడ నల్లబడడం గుర్తుంది. అక్క పరుగున వచ్చి నన్ను బోర్లా తిప్పి, తల మంచం పట్టె కిందికి వంచి, వీపు మీద గుద్దింది. పన్ను పీకిన సందులోంచి కొంత, ముక్కులోంచి కొంత వచ్చింది. ఊపిరి తిరిగి అందాక నేను ఏడ్చాను. అక్క బాపు వైపు తిరిగి, "ఇంకోసారి నేను ఇంట్ల లేకుంటే ఏమైతుండె బాపూ? పెద్ద డాక్టర్‌కు చూపియ్యాలె," అంది.

ఊళ్ళో పేరున్న డాక్టరొకాయన నన్ను కిటికీ దగ్గర నిలబెట్టి చూశాడు. కుడి దవడ ఎముక ఎండిపోయిందని, అక్కడ కోసి కీలు విడిపించాలని, ఆ పని మిషన్ ఆసుపత్రిలోనే అవుతుందని మరాఠీలో చెప్పాడు. ఆయనా కుడి పక్కే చూశాడు. కంటికి కనిపించేదే అది.

మిషన్ ఆసుపత్రి, చలికాలం

రైల్లో ఒక పూట, దిగాక టాంగాలో. బాపు, అక్క, నేను. ఆసుపత్రి వరండాలో పొడుగాటి బల్లలు, బల్లల నిండా మనుషులు. పొద్దున్నే లోపల మరాఠీలో ప్రార్థన పాట పాడేవారు. ఎముకల ఫోటో తీసే యంత్రం ఉంది కాని రోజూ నడవదు. డైనమోకు నూనె కావాలి. ఫిల్ములు యుద్ధం మూలంగా రావడం లేదు. బొంబాయి నుంచి వచ్చేదాకా ఉండండి అన్నారు. బల్ల మీద కూర్చుని తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి, మళ్ళీ కూర్చునేవాళ్ళం. బాపు చేతులు ఊరికే ఉండలేవు. తుండు అంచు దారాలు ఒక్కొక్కటే పేనుతూ కూర్చునేవాడు.

వార్డులో నా పక్క మంచం బసప్పది. బిజాపూర్ వైపు రైతుల పిల్లవాడు, నా ఈడే. అతనికి రెండు పక్కలా బిగుసుకుపోయింది, చిన్నప్పుడే. గడ్డమే ఎదగలేదు. పెదవి కింద ముఖం నేరుగా మెడలోకి దిగిపోయినట్టుండేది. వాళ్ళమ్మ మంచం పక్కన నేల మీద ఉండేది. నేను గ్లాసు పెదవులకు ఆనించి సగం ఒంటిమీద పోసుకోవడం చూసి, బసప్ప ఒక బొప్పాయి ఆకు కాడ ఇచ్చాడు. లోపల బోలుగా ఉంటుంది కదా, ఒక కొస అంబలిలో ముంచి పన్ను సందులోంచి పీల్చుకోవాలి. తను పీల్చి చూపించాడు. అంతకాలం మాకెవరికీ తోచని పని. ఇద్దరం పళ్ళ వెనకనుంచి మాట్లాడుకునేవాళ్ళం. అతను కన్నడం, నేను మరాఠీ. మా మాటలు మాకే అర్థమయ్యేవి.

ఫిల్ములు వచ్చాయి. ఫోటో గదికి నల్లని తెరలు కట్టారు. యంత్రం పనివాడు కుడి పక్కే తీయడానికి నన్ను బల్ల మీద పడుకోబెడుతుండగా డాక్టర్‌బాయి వచ్చింది. దొరసానే, కాని మరాఠీ బాగా మాట్లాడేది. నన్ను లేపి కూర్చోబెట్టి, నా రెండు చెవుల్లో తన చిటికెన వేళ్ళు పెట్టింది.

"తోండ్ ఉఘడ్," అంది. నోరు తెరవమని.

తెరవగలిగినంత తెరిచాను. మళ్ళీ మూయమంది, మళ్ళీ తెరవమంది. అలా చాలాసేపు కళ్ళు మూసుకుని, వేళ్ళతో వింటున్నట్టు నిలబడింది. తర్వాత పనివాడితో, రెండు పక్కలా తీయమంది. నోరు మూసి ఒకటి, తెరిచి ఒకటి, అలా రెండు పక్కలకూ.

"ఫిల్ములు తక్కువ ఉన్నాయి బాయీ," అన్నాడతను.

"తప్పు పక్క కోస్తే ఫిల్ములు మిగిలి ఏం లాభం?"

అతను నన్ను మళ్ళీ పడుకోబెట్టాడు. చెవి కింద చల్లటి పలక పెట్టాడు. తల కదలకుండా అటూ ఇటూ ఇసుక సంచులు ఆనించాడు. ఊపిరి బిగబట్టమన్నాడు. యంత్రం బుయ్యిమని మోగింది. గాలిలో కాలిన వాసన. నోరు తెరిచినప్పటి ఫోటోకు పళ్ళ మధ్య సన్నటి చెక్క దూర్చి, అదురుతున్నా అలాగే పట్టి ఉండమన్నాడు. నొప్పికి కళ్ళ నీళ్ళు ఇసుక సంచి మీద పడ్డాయి. "అయింది బాళా, అయింది," అంటూ తన పంచె చెంగుతో తుడిచాడు.

మరునాడు డాక్టర్‌బాయి మమ్మల్ని పిలిచి, ఫిల్ములను కిటికీ వెలుతురుకు పట్టుకుంది. మొదట కుడి పక్కవి రెండూ. చెవి ముందర ఎముకలో ఒక చిన్న గుంట, ఆ గుంటలో కింది దవడ తల. నోరు మూసినప్పటి ఫోటోలో అది గుంటలో ఉంది. తెరిచినప్పటి దాంట్లో కొద్దిగా ముందుకు జరిగింది. తర్వాత ఎడమ పక్కవి. వాటిలో గుంటా లేదు, తలా లేదు, మధ్యన సందూ లేదు. అంతా ఒకటే తెల్లటి ముద్ద. రెండు ఫోటోలూ ఒకేలా ఉన్నాయి.

"అతుక్కున్నది ఎడమది. అందుకే ఆ పక్క దవడ ఎదగలేదు, గడ్డాన్ని తన వైపు లాక్కుంది. చిన్న దాని మీద కండ కుప్పపడి చెంప నిండుగా కనిపిస్తోంది. కుడిది మంచి దవడ. అది మామూలుగా ఎదిగింది, దాని మీద చెంప సాగింది, అంతే," అని చెప్పి, "చిన్నప్పుడు వీడికి చెవి కారిందా?" అని అడిగింది.

బాపు గుర్తు తెచ్చుకోలేకపోయాడు. అక్క చెప్పింది.

"ఎడమ చెవి. నాలుగైదేండ్లప్పుడు శాన దినాలు చీము కారింది. నా పక్కలనే పండుకునేటోడు, నా మెత్త అంత ఖరాబయ్యేది. పస్పు నూనె పోస్తె తగ్గింది."

ఆ చీమే లోపలికి దిగి కీలును తినేసి ఉంటుందని డాక్టర్‌బాయి చెప్పింది. ఆమె నా కుడి చెంప మీది మచ్చలు చూసింది. బాపు వరండాలోకి పోయి బల్ల ఉండగా నేల మీద కూర్చున్నాడు. నేను వెళ్ళి పక్కన కూర్చుంటే, "కాళ్ళు వట్టింది నేనే గద బిడ్డా," అన్నాడు. తుండు ముఖం మీద వేసుకున్నాడు.

మాఘమాసం

కోత బసప్పకు ముందు రోజు, నాకు తరువాతి రోజు అని నిర్ణయించారు. బసప్పను పొద్దున్నే తీసుకుపోయారు. పోతూ నావైపు చెయ్యి ఊపాడు. ఎండ ముదరకముందే వాళ్ళమ్మ కేక వినిపించింది. మత్తులో ఉండగా గొంతులోకి ఏదో అడ్డుపడిందట. నోరు తెరుచుకోని మనిషి గొంతులోది తీయడానికి వీలుకాలేదట. మంచం మీద దుప్పటి అలాగే ఉంది.

బాపు మూట కట్టడం మొదలుపెట్టాడు.

"పోదాం పా గంగవ్వా. బతికినన్ని రోజులు అంబలి తాగి బతుకుతడు."

"ఇంటికి వోతె బతుకుతడా బాపూ? మొన్న నేను లేకుంటే ఆన్నే పోతుండె."

"నా చేతులతోని అప్పజెప్పి సంపుకోవాల్నా?"

అక్క మూట మీద చెయ్యి వేసి కూర్చుంది, అంతే. ఆ సమయంలో బసప్ప తల్లి లోపలికి వచ్చింది. కొడుకు బట్టలు తీసుకోవడానికి వచ్చింది. మూట చూసి ఆగింది. సోలాపూర్ మనుషులం కాబట్టి కన్నడం మాకు తెలుసు. ఆమె బాపుతో చెప్పింది: "నా కొడుకును ఎనిమిదేళ్ళు నీళ్ళ మీద బతికించినానయ్యా. రోజూ కొంచెం కొంచెం పోతుంటే చూసినాను. ఇంటికి తీసుకుపోతే నీకూ అదే చూడ్డం మిగులుతుంది." బట్టలు తీసుకుని వెళ్ళిపోయింది. వెనక్కి చూడలేదు.

సాయంత్రం డాక్టర్‌బాయి వచ్చింది. ముఖం వాడిపోయి ఉంది. నాకు పూర్తి మత్తు ఇవ్వనని, సూదితో కోసే చోటును మాత్రం మొద్దుబారుస్తానని, నేను మెలకువగానే ఉండాలని చెప్పింది. ఏమీ కాదని మాట ఇవ్వలేనంది. ఆ తర్వాత, కోయమంటావా అని బాపును కాక నన్ను అడిగింది.

"కొయ్యున్రి," అన్నాను. భయం లేక కాదు. ఆ ఏడాదంతా తాగిన అంబలి రుచి నా నోట్లో ఉంది, ఇంకో ఏడాది దాన్ని తాగలేను.

ముఖం మీద గుడ్డ కప్పారు. సూదులు నొప్పి పెట్టాయి, తర్వాత కోతలు అంత తెలియలేదు. చప్పుడు తెలిసింది. చెవి పక్కనే ఎముక మీద ఉలి. దెబ్బ పడినప్పుడల్లా తలంతా మోగేది, పళ్ళు మోగేవి. ఒక నర్సు నా చెయ్యి పట్టుకుంది. నేను ఆమె వేళ్ళు ఎంత నలిపానో, మరునాడు ఆమె చేతికి కట్టు ఉంది. చివరికి ఉలి ఆగింది.

"తోండ్ ఉఘడ్."

తెరిచాను. చల్లటి గాలి నాలుక మొదలు దాకా వెళ్ళింది. ఆ గాలిని నేను మరిచిపోయి ఎంత కాలమైందో.

ఎడమ కనుబొమ్మకు పోయే నరం ఒకటి ఆ కోతలో దెబ్బతింది. ఆ కనుబొమ్మ ఇప్పటికీ లేవదు.

ఇంటికి వచ్చాక

కట్టు ఎడమ పక్క ఉండడం చూసి బాపమ్మ, "గీ పక్క కోసిన్రేంది?" అంది. బాపు చెప్పాడు. ఆమె నా కుడి చెంప మీది వాతలను వేళ్ళతో తడిమి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. మూడు పూటలు ఏమీ తినలేదు. నేను పక్కన కూర్చుని "నువ్వు తినకుంటె నేను తిన," అంటే అప్పుడు కొంచెం మజ్జిగ తాగింది.

కోయడంతో అయిపోయిందని మేం అనుకున్నాం. కాలేదు. కోసిన ఎముక మళ్ళీ అతుక్కోవాలనే చూస్తుంది. దాన్ని అతుక్కోనివ్వకూడదంటే రోజూ నోరు తెరిపించాలి. డాక్టర్‌బాయి ఒక చెక్క మర ఇచ్చింది. బొంగరంలా ఒక కొస సన్నగా, చుట్టూ మెట్లు చెక్కి ఉంటుంది. సన్న కొసను వెనక పళ్ళ మధ్య పెట్టి తిప్పుతుంటే నోరు కొంచెం కొంచెం తెరుచుకుంటుంది. కొత్త గాయం మీద, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఆ పని అక్క తీసుకుంది.

నేను ఆమెను తిట్టాను. చెయ్యి కొరికాను. వాడకట్టంతా వినేట్టు అరిచాను, ఇప్పుడు అరవగలను కాబట్టి. బాపమ్మ చూడలేక, "ఇంక చాలు తియ్యవే, పోరడు సస్తడు," అనేది. అక్క మర తీసేది కాదు. ఆమె కళ్ళ నీళ్ళు నా నుదుటి మీద పడేవి, చెయ్యి మాత్రం తిప్పుతూనే ఉండేది.

వర్షాకాలంలో అక్కకు మలేరియా వచ్చి మంచం పట్టింది. ఆ రోజుల్లో మర ఎవరూ పెట్టలేదు. బాపమ్మకు జాలి, బాపుకు భయం, నాకు సంతోషం. అక్క లేచి చూసేసరికి రెండు వేళ్ళ నోరు ఒక వేలికి దిగింది. మళ్ళీ ఆసుపత్రికి పోయి ఫోటో తీయించాం. తెల్లటి ముద్దలో కోసిన సందు ఇంకా ఉంది, కాని సన్నబడింది. "వీడు ఎదిగినంత కాలం ఇది చేయాల్సిందే. ఆపితే మళ్ళీ కోయాలి," అంది డాక్టర్‌బాయి.

బొంబాయిలో బావకు ఖోలీ దొరికి అప్పటికి ఏడాదైంది. ఊరికి వచ్చిపోయేవాళ్ళతో అక్క అత్తగారు మాటలు పంపేది. తమ్ముని పండ్లు లెక్కవెట్టుకుంట కూసుంటదా, మొగణ్ణి చూసుకుంటదా అని. దసరా అయ్యాక బావే వచ్చాడు. చెడ్డవాడు కాదు. ఒక పొద్దున అక్క మర తిప్పుతుంటే తలుపు దగ్గర నిలబడి చివరిదాకా చూశాడు. తర్వాత బాపుతో మెల్లగా చెప్పాడు.

"మామా, ఖోలీకి పగిడి పైసలు ముందుగాల్నే కట్టి తీసుకున్న. ఒక్కణ్ణి ఉంటె ఖాళీ చెయ్యమంటున్నరు. ఇంక నాతోని కాదు."

బాపు తల ఊపాడు. అక్కకు ఇరవై ఏళ్ళు. ఎంత కాలం ఉండమంటాం?

పోయే ముందు అక్క నన్ను కూర్చోబెట్టి నేర్పింది. ఏ పంటి మీద పెట్టాలి, ఎక్కడ ఆపాలి, ఎక్కడ ఆపకూడదు. "నొప్పి లేసినప్పుడు ఆపొద్దు. లేసినంక ఇంకో సుట్టు తిప్పు. గదే అసలుది," అంది. స్టేషన్‌లో రైలు కదిలినప్పుడు, నాకేదో చెప్పబోయి, తన నోరు వేలితో చూపించింది. తెరువు అన్నట్టు.

మరునాడు పొద్దున బాపు మగ్గానికి పోయాడు. బాపమ్మ చాట తీసుకుని గడపలోకి పోయి, అటు తిరిగి కూర్చుంది. నేను గోడకు ఆనుకుని మర పళ్ళ మధ్య పెట్టుకున్నాను. తిప్పాను. నొప్పి లేచింది. తిట్టడానికి ఎవరూ లేరు. ఇంకో చుట్టు తిప్పాను.